ఈఎల్84 స్టీరియో యాంప్లిఫయర్ నుంచి ఇంకో ఐదారు వాట్లు రాబట్టుకోవడం

కావలిలో మా నాన్నకి మైకు సెట్ల షాపు ఉండేది. పెళ్ళిళ్ళకి, శ్రీరామనవమి పందిళ్ళకి అద్దెకి పోయే, ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్ల మధ్యే నేను పెరిగాను. షాపు మూసేశాక మిగిలింది ఒక అట్టపెట్టె నిండా ఈఎల్84 వాల్వులు, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారైనవి. వాటిలో నాలుగు తీసి ఇంట్లో పాటలు వినడానికి స్టీరియో సెట్టు కట్టుకున్నాను. ఒక్కో ఛానల్‌కి రెండు ఈఎల్84లు పుష్‌పుల్‌లో (అలలో చెరో సగం మోసే జతగా), వాటి ముందు చిన్న వాల్వు ఈసీసీ83, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఈజెడ్81 వాల్వు. ఈఎల్84 డేటా షీటు ప్రకారం 300 వోల్టులు, 8 కిలో ఓంల లోడుతో ఒక జత 17 వాట్లు ఇవ్వాలి. కొలిచి చూస్తే నా సెట్టు ఇచ్చింది 8.4 వాట్లు.

పవర్ చాలలేదంటే అందరూ ముందు వాల్వులు మార్చేస్తారు. నేను చెయ్యి పెట్టిన సెట్లన్నిటిలో పవర్ పోతున్నది వాల్వుల్లో కాదు, వాటికి కరెంటు అందించే సప్లైలో. అందుకే పని అక్కడ మొదలుపెట్టి చెబుతాను.

దానికన్నా ముందు ఒక మాట. ఈ సెట్టులో 300 వోల్టుల పైన డీసీ ఉంటుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. 10 కిలో ఓంల 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టుకుని, ప్లగ్ పీకేశాక ప్రతి పెద్ద కెపాసిటర్ మీదా పది సెకన్లు ఉంచండి. తర్వాత మీటర్ పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబ్‌ని క్లిప్‌తో ఛాసిస్‌కి (సెట్టు రేకు పెట్టెకి) తగిలించి, ఒక్క కుడిచేత్తోనే కొలవాలి, ఎడమచెయ్యి జేబులో ఉండాలి. మా నాన్న ఈ ఒక్క విషయంలో నన్ను కొట్టినంత పని చేసేవాడు. ఛాసిస్‌కి మూడో పిన్ ఎర్త్ తప్పనిసరి. స్పీకరో, దాని బదులు పెట్టే రెసిస్టరో (డమ్మీ లోడ్) తగిలించకుండా సెట్టుకి సిగ్నల్ ఇవ్వకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల స్పార్క్ కొట్టి వైండింగ్ పోతుంది.

ఇప్పుడు కొలత. 8 ఓంల 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ని అల్యూమినియం పలకకి బిగించి స్పీకర్ స్థానంలో పెట్టండి. ఫోన్‌లో టోన్ ఇచ్చే యాప్ ఏదైనా సరిపోతుంది. నేను 200 హెర్ట్జ్ పెడతాను, ఎందుకంటే తక్కువ ధర మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీ సరిగ్గా చూపించవు. అల ఆకారం తెర మీద చూపించే చిన్న స్కోప్ కిట్టు ఒకటి దగ్గరుంటే మంచిది. వాల్యూమ్ పెంచుతూ పోతే అలల తలలు చదునయ్యే చోటు కనిపిస్తుంది. దానికి కాస్త ముందు ఆపి వోల్టులు చదవండి. నాకు 8.2 వచ్చింది. 8.2ని 8.2తో గుణించి 8 ఓంలతో భాగిస్తే 8.4 వాట్లు. అదే సమయంలో మొదటి కెపాసిటర్ దగ్గర డీసీ కూడా చూడండి. నా సెట్టులో ఊరికే ఉన్నప్పుడు 296 ఉన్నది, ఫుల్ పవర్‌లో 271కి జారిపోయింది. రోగం అక్కడ దొరికింది.

లెక్క చూడండి. ఒక్కో ఈఎల్84 కాథోడ్‌కి (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగానికి) 270 ఓంల రెసిస్టర్ ఉంది. దాని మీద 9.6 వోల్టులు, అంటే 35.5 మిల్లీఆంపియర్లు. నాలుగు వాల్వులకి 142, ముందు వాల్వులకి ఇంకో 8. మొత్తం 150. ఈజెడ్81 ఇవ్వగలిగేదే 150 మిల్లీఆంపియర్లు! పాట మొదలవకముందే రెక్టిఫయర్ చివరి అంచున నిలబడి ఉంది. పాటలో డ్రమ్ము పడితే ఒక్కో అవుట్‌పుట్ వాల్వు ఇంకా ఎక్కువ అడుగుతుంది, ఇవ్వడానికి అక్కడ ఏమీ లేదు. ఒక్క ఛానల్‌కి సరిపడా ఉండే సప్లైని స్టీరియోకి వాడిన సెట్లలో ఇదే జరుగుతుంది.

కాబట్టి మొదటి పని ఈజెడ్81 తీసేసి సిలికాన్ డయోడ్లు పెట్టడం. నా ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ (ఎక్కువ వోల్టుల వైండింగ్) 250-0-250, అంటే మధ్య ట్యాప్‌కి రెండు వైపులా 250 వోల్టులు. 250ని 1.414తో గుణిస్తే 354 వోల్టుల పీక్. ఈ రకం కనెక్షన్‌లో ఒక్కో డయోడ్ దానికి రెట్టింపు, అంటే 708 వోల్టులు ఆపాలి. 1ఎన్4007 వెయ్యి వోల్టులు ఆపుతుంది, ఒకటి సరిపోతుంది. అయినా నేను ఒక్కో వైపు రెండేసి సిరీస్‌లో పెట్టాను, రూపాయి రెండు రూపాయల దగ్గర పీనాసితనం ఎందుకు. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ దారిలో 500 మిల్లీఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజ్ పెట్టండి. ఈజెడ్81ని వేడి చేసే తీగ (హీటర్) తాగే 1 ఆంపియర్ కూడా మిగులుతుంది కనుక 6.3 వోల్టుల వైండింగ్ కాస్త పైకి లేస్తుంది. కొలిచి చూసుకోండి, 5.7కీ 6.9కీ మధ్య ఉండాలి.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది కెపాసిటర్ దగ్గర. ఈజెడ్81 నెమ్మదిగా వేడెక్కేది, అప్పటికి మిగతా వాల్వులు కూడా కరెంటు లాగడం మొదలుపెట్టేవి. డయోడ్ అలా కాదు. స్విచ్ వేసిన క్షణంలోనే, లాగే వాల్వు ఒక్కటీ లేనప్పుడు, పూర్తి 354 వోల్టులూ కెపాసిటర్ మీదికి వచ్చేస్తాయి. అది మెయిన్స్ 230 ఉన్నప్పటి మాట. మా వీధిలో రాత్రి పదకొండు దాటాక మీటర్ 248 చూపిస్తుంది. అప్పుడు అదే 354 కాస్తా 382 అవుతుంది. పాత 350 వోల్టుల కెపాసిటర్లు అలాగే ఉంచితే ఏదో ఒక రాత్రి పేలతాయి. 450 వోల్టులవి తప్ప పెట్టకండి. నేను నెల్లూరు మీదుగా పొద్దుటి ట్రైన్‌లో చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి తెచ్చుకుంటాను. ఎక్కడ కొన్నా సరే, ఇంటికి తెచ్చాక కొన్ని కిలో ఓంల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ ఒక గంట ఉంచి చూశాకే సెట్టులో పెడతాను. కెపాసిటర్ పక్కనే 220 కిలో ఓంల 2 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా పెట్టేయండి, స్విచ్ ఆపాక అదే ఖాళీ చేస్తుంది.

రెండో పని, రెండు ఛానళ్ళనీ వేరు చేయడం. పాత సర్క్యూట్‌లో ఒకే కెపాసిటర్ నుంచి ఎడమకీ కుడికీ సప్లై పోయేది. ఎడమ వైపు మృదంగం గట్టిగా పడితే కుడి వైపు వయొలిన్ కూడా కుంగేది. మొదటి కెపాసిటర్ 100 మైక్రోఫారడ్ పెట్టి, అక్కడి నుంచి రెండు దారులు చేశాను. ఒక్కో దారిలో 100 ఓంల 5 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత విడిగా ఇంకో 100 మైక్రోఫారడ్. ఒక్కో ఛానల్ 80 మిల్లీఆంపియర్ల చొప్పున లాగితే ఆ రెసిస్టర్ మీద 8 వోల్టులు పోతాయి. పోనివ్వండి, అది కూడా మనకి కావాల్సిందే, ఎందుకో కింద ఉంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి. బల్బు ఒకసారి గట్టిగా వెలిగి, కాస్త తగ్గి నిలవాలి. పూర్తి వెలుగులో అలాగే ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు.

బల్బు తీసేసి నేరుగా ఇచ్చాక నా సెట్టులో మొదటి కెపాసిటర్ దగ్గర 322 వచ్చింది. రెసిస్టర్ దాటాక 314. కాథోడ్ మీద ఇప్పుడు 10.8, అంటే 40 మిల్లీఆంపియర్లు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో ఐదు వోల్టుల దాకా పోతాయి. అన్నీ తీసేస్తే ప్లేటుకీ (ఎలక్ట్రాన్లు చేరే రేకుకీ) కాథోడ్‌కీ మధ్య 298. ఈఎల్84కి డేటా షీటు హద్దు 300. ఆ 100 ఓంలు లేకపోతే హద్దు దాటేది. 40లో స్క్రీన్‌కి (ప్లేటు ముందుండే తీగల జల్లెడకి) పోయే 4 తీసేస్తే ప్లేటు కరెంటు 36 మిల్లీఆంపియర్లు. 298 వోల్టులతో గుణిస్తే 10.7 వాట్లు. ప్లేటు తట్టుకునేది 12 వాట్లు. మీ సెట్టులో ఈ గుణకారం 11 దాటితే కాథోడ్ రెసిస్టర్ 270 నుంచి 300కి పెంచండి. నాలుగు వాల్వులకీ విడివిడిగా లెక్కేయాలి, ఒకటి చూసి మిగతా మూడూ అంతే అనుకోకూడదు.

ఫుల్ పవర్‌లో మళ్ళీ కొలిచాను. మొదటి కెపాసిటర్ 322 నుంచి 308కి మాత్రమే తగ్గింది. డమ్మీ లోడ్ మీద 10.6 వోల్టులు. 14 వాట్లు. వాల్వులు అవే, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు అవే.

చెవికి ఎంత తేడా అంటే, 8.4 నుంచి 14 అంటే రెండు డీబీల పైన కొంచెం. గదిలో శబ్దం రెట్టింపు అవ్వదు. కానీ గట్టిగా పాడేచోట గొంతు పగలకుండా నిలబడుతుంది, బేస్ నిటారుగా ఉంటుంది. మీకు కావాల్సింది నిజంగా పెద్ద శబ్దమే అయితే స్పీకర్ చూడండి. 87 డీబీ స్పీకర్ తీసేసి 93 డీబీది పెడితే యాంప్లిఫయర్ పవర్ నాలుగు రెట్లు చేసినంత ఫలితం. అప్పట్లో తక్కువ వాట్లతోనే హారన్ స్పీకర్లు ఊరంతా వినిపించాయంటే కారణం ఇదే.

మూడో మార్పు ఒకటి చేశాను, ఈఎల్84కి దాన్ని చెయ్యొద్దనే చెబుతాను. ఫిక్స్‌డ్ బయాస్. అంటే ఊరికే ఉన్నప్పటి కరెంటుని అదుపు చేసే కాథోడ్ రెసిస్టర్ తీసేసి, దాని బదులు గ్రిడ్‌కి (వాల్వులో కరెంటుని అదుపు చేసే జల్లెడకి) బయటి నుంచి నెగటివ్ వోల్టేజి ఇవ్వడం. ఇలా చేస్తే గ్రిడ్ రెసిస్టర్ 300 కిలో ఓంలు దాటకూడదు, కాథోడ్ రెసిస్టర్ ఉన్న పాత పద్ధతిలో (కాథోడ్ బయాస్) అయితే 1 మెగా ఓం దాకా ఉండొచ్చు. నా 470 కిలో ఓంలు తీసి 220 పెట్టి, బేస్ పోకుండా కప్లింగ్ కెపాసిటర్ 0.1 నుంచి 0.22కి మార్చాను. ఇంత జాగ్రత్తగా చేసి, బయాస్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్‌ని అలవాటు చొప్పున నెగటివ్ కాలు గ్రౌండ్‌కి పెట్టేశాను. అది నెగటివ్ సప్లై, పాజిటివ్ కాలు గ్రౌండ్‌కి రావాలి. పది నిమిషాలు బాగానే నడిచింది. నేను స్కోప్ వైపు తిరిగి ఉన్నాను.

మా మేనల్లుడు వెనక నుంచి అన్నాడు: "ఏంది మామా, ఈ రెండు వాల్వులూ బాగా వెలుగుతున్నాయే?"

"హీటర్ వెలగాలిరా, అది మామూలే."

"హీటర్ కాదు మామా, దాని చుట్టూ ఉన్న రేకు ఎర్రగా అవుతోంది."

తిరిగి చూస్తే కుడి ఛానల్ రెండు వాల్వుల బూడిదరంగు ప్లేట్ల మధ్యలో నారింజ రంగు మచ్చ, చూస్తుండగానే పైకి పాకుతోంది. ప్లగ్ లాగేశాను. కెపాసిటర్ ఉబ్బి, బయాస్ పోయి, వాల్వులు పట్టపగ్గాల్లేకుండా కరెంటు లాగాయి. నాన్న దాచిన ఆ జత మళ్ళీ 36 మిల్లీఆంపియర్ల దగ్గర నిలవలేదు. దానికి బాధపడ్డాను, ఇప్పటికీ ఆ రెండు వాల్వులూ పారెయ్యలేదు. ఎడమ ఛానల్‌లో ఫిక్స్‌డ్ బయాస్‌తో అదనంగా వచ్చింది ఒకటిన్నర వాట్లు. దానికోసం ఈ టెన్షన్ ఎందుకని మళ్ళీ కాథోడ్ బయాస్‌కే మార్చేశాను.

ఇంకా పెద్ద వాల్వు ఈఎల్34 ఉన్న సెట్లలో మాత్రం ఫిక్స్‌డ్ బయాస్ పెట్టదగినదే. ఒంగోలులో ఒక మిత్రుడి సెట్టులో పెట్టాను. ఒక్కో కాథోడ్ కింద 10 ఓంల రెసిస్టర్ పెడితే, దాని మీది వోల్టేజే కరెంటు చెప్పేస్తుంది. ఈఎల్34 ప్లేటు హద్దు 25 వాట్లు, అందులో 70 శాతం తీసుకుంటే 17.5. 400 వోల్టుల సప్లైకి 44 మిల్లీఆంపియర్లు, మీటర్ మీద 0.44 వోల్టులు. బయాస్ పాట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్) మధ్యకాలు వదులైతే గ్రిడ్ మరింత నెగటివ్ అయ్యేలా వైరింగ్ చేయండి, అప్పుడు వాల్వు ఆరిపోతుంది గానీ కాలిపోదు. ఆయన సెట్టు ట్రయోడ్ కనెక్షన్‌లో, అంటే స్క్రీన్లు ప్లేటుకే కలిపి, ఉండేది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి వైండింగ్‌లో 43 శాతం దగ్గర తీసిన ట్యాపులు వాడకుండా మిగిలి ఉన్నాయి. స్క్రీన్లని ప్లేటు నుంచి విప్పి ఆ ట్యాపులకి, 1 కిలో ఓం 5 వాట్ల రెసిస్టర్ల ద్వారా, కలిపితే పవర్ దాదాపు రెట్టింపయింది.

ఆక్టల్ (ఎనిమిది పిన్నుల) సాకెట్లున్న 6వీ6 వాల్వుల సెట్టులో పెద్దవైన 6ఎల్6నో ఈఎల్34నో గుచ్చేద్దామనుకునేవారు ముందు హీటర్ కరెంటు చూడండి. 6వీ6కి 0.45 ఆంపియర్లు, 6ఎల్6జీసీకి 0.9, ఈఎల్34కి 1.5. నాలుగు వాల్వులకి 1.8 దగ్గర ఉన్న వైండింగ్‌ని 6 ఆంపియర్లు అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఈఎల్34లో ఒకటో పిన్ను ఎనిమిదో పిన్నుకి కలపాలి, 6ఎల్6 సెట్లలో అది కలిపి ఉండకపోవచ్చు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక్క సంగతి. కోర్ చిన్నదైతే వాట్లు పెంచినా కింది శ్రుతిలో రావు. ఒక కోర్ 40 హెర్ట్జ్ దగ్గర 16 వాట్లు మోయగలిగితే 20 హెర్ట్జ్ దగ్గర 4 వాట్లే మోస్తుంది. మార్పులన్నీ అయ్యాక 40 హెర్ట్జ్ టోన్ పెట్టి మళ్ళీ కొలవండి. 200 దగ్గర 14 వచ్చి 40 దగ్గర అల నడుము వంకర తిరిగితే, ఇక సప్లై మీద పని చేసి లాభం లేదు, స్టాంపింగ్ (కోర్ రేకులు) పెద్దది కావాలి.

అన్నీ బిగించాక గంటసేపు పాటలు పెట్టి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించండి. డయోడ్లు పెట్టాక అది ముందుకన్నా ఎక్కువ మోస్తోంది. ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచలేకపోతే ఆ ట్రాన్స్‌ఫార్మర్ చాలదు. ఉంచగలిగితే వేడి మీదే నాలుగు కాథోడ్ల వోల్టులూ మళ్ళీ చదివి, తేదీతో ఒక కాగితం మీద రాసి, ఛాసిస్ కింది రేకు లోపలి వైపు అంటించండి. మా నాన్న మైకు సెట్లన్నిటిలో పెన్సిల్‌తో నేరుగా రేకు మీదే రాసేవాడు. నా సెట్టులో ఉన్నది ఇది: 10.8, 10.7, 10.9, 10.8. ఆరు నెలలకోసారి విప్పి చూస్తాను. ఏదైనా ఒకదానిలో ఒక వోల్టు తేడా వస్తే ఆ జత మార్చేస్తాను.