ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనే చప్పుడు: మెకానిక్కు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో చేయవలసిన పరీక్షలు

పాటతోపాటు ఆంప్లిఫయర్‌లో వేరే చప్పుడేదో వినిపించగానే సెట్టును ఆటోలో వేసుకుని భీమవరమో అమలాపురమో బయలుదేరడం మన వైపు అలవాటు. తీరా మెకానిక్కు తన బల్ల మీద పెట్టి వేస్తే అది శుభ్రంగా పాడుతుంది, ఇంటికి తెచ్చి బిగించగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఇటువంటి చప్పుళ్లలో చాలావాటి మూలం సెట్టు బయట, దానికి తగిలించిన తీగల్లోనో, ఇంటి కరెంటులోనో, గాలిలోని ఉప్పుతేమలోనో ఉండడమే ఇందుకు కారణం. కాబట్టి మూత విప్పే ముందు చప్పుడు ఎక్కడ పుడుతున్నదో తేల్చుకోవాలి.

మొదట వాల్యూమును పూర్తిగా తగ్గించండి. చప్పుడు కూడా దానితోపాటు తగ్గి మాయమైతే, అది వాల్యూము కంట్రోలుకు ముందు నుంచి, అంటే సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఫోను లేదా వాటి తీగల నుంచి వస్తున్నదని అర్థం. సున్నా దగ్గర కూడా అంతే ఉంటే లోపం ఆంప్లిఫయర్ లోపలే, ముఖ్యంగా పవర్ సప్లైలో (ఇంటి కరెంటును సెట్టుకు తగినట్టు మార్చే భాగంలో), ఉండే అవకాశం ఎక్కువ. చప్పుడు ఒక్క స్పీకరులోనే వస్తుంటే సెట్టును ఆపి, ఆంప్లిఫయర్ వెనుక కుడి ఎడమ స్పీకరు తీగలను తారుమారు చేసి చూడాలి. అది రెండో స్పీకరులోకి మారితే తప్పు ఆంప్లిఫయర్ వైపుది. మారకుండా పాత స్పీకరులోనే నిలిస్తే ఆ స్పీకరుది, లేదా దాని తీగది.

వాల్యూముతోపాటు పెరిగే గుయ్యిమనే చప్పుడుకు మన ఇళ్లలో ముందుగా అనుమానించవలసింది కేబుల్ టీవీ తీగను. ఆ తీగ పైన చుట్టి ఉండే లోహపు జాలీ వీధిలో ఎక్కడో భూమికి తగిలి ఉంటుంది; ఆంప్లిఫయర్ మూడో పిన్ను ద్వారా మన ఇంటి ఎర్తుకు తగిలి ఉంటుంది; ఈ రెండు ఎర్తుల మధ్య ఉండే చిన్న వోల్టేజి తేడా వల్ల ఆడియో తీగ జాలీ గుండా కొద్దిపాటి కరెంటు పారి, 50 హెర్ట్జుల మోతగా స్పీకరులో వినిపిస్తుంది. పరీక్ష సులువు. సెట్‌టాప్ బాక్సు వెనుక మరబిగించిన కేబుల్ తీగను విప్పండి. మోత ఠక్కున ఆగిపోతే దొంగ దొరికినట్టే. టీవీకీ ఆంప్లిఫయర్‌కీ ఆప్టికల్ సాకెట్లు ఉంటే వాటి మధ్య ఆప్టికల్ తీగ వేయడం అన్నిటికన్నా మంచి విరుగుడు, ఎందుకంటే అందులో వెళ్లేది వెలుతురే కనుక రెండు ఎర్తులు కలిసే దారే ఉండదు. ఆ సౌకర్యం లేని పాత సెట్లకు కేబుల్ తీగ మధ్యలో ఐసొలేటరు (ఎర్తు దారిని తెంచి సిగ్నలును మాత్రం పంపే చిన్న పరికరం) పెట్టించుకోవచ్చు. అన్ని పరికరాలకూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వడం కూడా కొంత మేలు చేస్తుంది.

మూడో పిన్ను పీకేస్తే మోత పోతుందని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పోతుంది కూడా. కానీ లోపల ఎప్పుడైనా ఫేజు తీగ లోహపు పెట్టెకు తగిలితే, వానాకాలం చెమ్మగిల్లిన గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడి దాన్ని ముట్టుకున్నవారి ప్రాణానికే ముప్పు. ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అసలు ఇంటి ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించుకోవాలి; అంతర్వేది, మల్కిపురం వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఎర్తు పైపు, దాని క్లాంపు తుప్పు పట్టడం అరుదు కాదు.

వాల్యూము సున్నా దగ్గర కూడా రెండు స్పీకర్లలోనూ కాస్త బొంగురుగా, 100 హెర్ట్జుల దగ్గర మోత వస్తుంటే పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు అలసిపోయాయని అనుమానించాలి. వాటి తల ఉబ్బి ఉంటే ఆ అనుమానం రూఢి అయినట్టే. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది కనుక ఈ పని మెకానిక్కుకే వదిలేయండి; అయితే అదే మైక్రోఫారడు విలువతో, అంతకు తగ్గని వోల్టేజితో, 105 డిగ్రీలకు తట్టుకునే రకం వేయమని మాత్రం చెప్పండి.

ఇక చిటపటలు, గరగరలు. మన దగ్గర వీటిలో ఎక్కువ భాగం తేమ చలవే. ఆడియో పిన్నును బయటికి లాగి వెలుతురులో తిప్పి చూస్తే, తళతళలాడవలసిన చోట పచ్చని చిలుము పొరలా కనబడుతుంది. వెనుక సాకెట్లకూ అదే పట్టి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో రెండింటినీ తుడిచి, ఆరిన తరువాత నాలుగైదుసార్లు దూర్చి తీస్తే చాలావరకు బాగవుతుంది. వాల్యూము తిప్పినప్పుడు మాత్రమే గరగరలాడితే కాంటాక్టు క్లీనరు చుక్క కంట్రోలు లోపలికి పంపి ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పాలి. కొబ్బరినూనె ఇంట్లో సమృద్ధిగా ఉన్నంత మాత్రాన అందులో పోయరాదు. అది జిడ్డుకట్టి దుమ్మును పట్టుకుంటుంది.

తక్కువ వాల్యూములో ఒక స్పీకరు మూగబోయి, గట్టిగా పెట్టగానే పలకడం ఇంకో రకం జబ్బు. ఇది తరచుగా లోపలి రిలే, అంటే స్పీకర్లను ఆంప్లిఫయర్‌కు కలిపే స్విచ్చు, కాంటాక్టులు మసిబారడం వల్ల వస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లే పని చేస్తుంది, రిలే మార్చడమే మేలు.

బాస్ వచ్చినప్పుడల్లా బరబరమంటే ఊఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకరు) ముందున్న గుడ్డ తీసి, కోను చుట్టూ ఉండే ఫోము అంచును వేలితో తాకి చూడండి. ముట్టగానే పొడిగా రాలి వేలికి అంటుకుంటే ఫోము చివికిపోయింది. అంచు మాత్రమే మార్పించుకుంటే స్పీకరు మళ్లీ పలుకుతుంది. ఫోము బాగుంటే సెట్టు ఆపి, నాలుగు వేళ్లు సమంగా ఆనించి కోనును మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకుంటున్న చప్పుడు వస్తే కోను వెనుక ఉండే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిలు, ఒరుసుకుంటున్నదని లెక్క. ఈ హడావుడి అంతటికీ ముందు షోకేసులోని స్టీలు గ్లాసులు బాసుకు మోగుతున్నాయేమో చూసుకోండి, అదీ జరుగుతుంటుంది.

కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి మారినప్పుడే మోత మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు చేసే పని. ఫ్యాను రెగ్యులేటరు తిప్పితే మోత మారుతుంటే దోషం రెగ్యులేటరుదే. ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ కరెంటు లాగుతూ తిరిగే రాత్రివేళల్లో గట్టి పాట చిరిగినట్టు వినిపిస్తే మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. 230 ఉండవలసింది 200 కంటే దిగిపోతే ఆంప్లిఫయర్ త్వరగా చేతులెత్తేస్తుంది. ఇంట్లో కొన్ని దీపాలు మసకబారి కొన్ని మరీ వెలుగుతుంటే న్యూట్రల్ వదులైనట్టు. సెట్టు సంగతి పక్కన పెట్టి మెయిను కట్టేసి లైన్‌మన్‌ను పిలవాలి.

ఆన్ చేయగానే టప్పుమని ఊఫర్ కోను ముందుకో వెనక్కో పోయి అక్కడే నిలిచిపోతే, లేదా కమిలిన వాసన వస్తే, పరీక్షలేవీ పెట్టుకోకుండా వెంటనే ప్లగ్గు లాగి సెట్టును మెకానిక్కుకు అప్పగించండి. అప్పగించేటప్పుడు చప్పుడు వాల్యూముతో మారుతుందా, ఏ స్పీకరులో, ఏ తీగ తీస్తే ఆగుతుంది అన్న మూడు సంగతులూ కాగితం మీద రాసి సెట్టుకు అంటించి ఇవ్వండి.