ఫ్రాన్స్‌లో మొదటిసారి బిస్త్రోకి వెళ్తున్నారా? ముందు టైమ్ చూసుకోండి

పారిస్‌కో తులూజ్‌కో వచ్చి నెల తిరక్కముందే క్లాసులోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు బిస్త్రోకి, అంటే ఇక్కడి చిన్న హోటల్‌కి, పోదామంటారు. వెళ్లండి, కానీ టైమ్ చూసుకుని వెళ్లండి. మన దగ్గర మధ్యాహ్నం మూడింటికి వెళ్లినా ఏదో ఒక హోటల్లో భోజనం దొరుకుతుంది. ఇక్కడ మామూలుగా 12 నుంచి 2 దాకా, మళ్లీ రాత్రి 7, 7:30 తర్వాతే వంట. నేను వచ్చిన కొత్తలో ఒక ఆదివారం మూడున్నరకి ఆకలితో నాలుగు చోట్లకి తిరిగి, చివరికి సూపర్‌మార్కెట్ చిప్స్‌తో సరిపెట్టుకున్నాను. బోర్డు మీద 'సెర్వీస్ కోంతిన్యూ' అని ఉంటే మాత్రం మధ్యలో కూడా వండి పెడతారు, బ్రాసరీలనే పెద్ద రెస్టారెంట్లలో ఇది ఎక్కువ.

లోపలికి వెళ్లగానే 'బోఁజూర్' అనండి, రాత్రయితే 'బోఁసువార్'. అది అనకుండా నేరుగా "ఇద్దరికి టేబుల్ ఉందా" అని ఇంగ్లిష్‌లో మొదలుపెడితే మొహం మాడ్చుకుంటారు. ఫ్రెంచివాళ్లకి పొగరని మనవాళ్లు చెప్పుకునే కథల్లో సగం ఇక్కడే పుడతాయని నా అనుమానం. ఖాళీ టేబుల్ కనిపించింది కదా అని కూర్చోకండి, వాళ్లు చూపించేదాకా ఆగండి.

ఇక మెనూ. ఇక్కడ 'మెన్యూ' అంటే ఒకే ధరకి రెండు మూడు వంటకాలు కలిపి ఇచ్చే సెట్, అన్నీ విడివిడిగా రాసి ఉండేది 'లా కార్త్'. 'ఆఁత్రే' అంటే మొదట తినే చిన్న ప్లేటు, అసలు వంటకం 'ప్లా'. అమెరికాలో ఆ మొదటి మాటనే అసలు వంటకానికి వాడతారు కాబట్టి డాలస్ నుంచి వచ్చిన మా బావగారు ధీమాగా ఆఁత్రే ఒక్కటే చెప్పి, మయొనేజ్ పూసిన మూడు గుడ్డు ముక్కల్ని చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం 'ప్లా ద్యు జూర్', అంటే ఆ రోజు వంటకం, తీసుకుంటే డబ్బూ తక్కువ, ఆలోచనా తక్కువ.

మాంసం దగ్గర మాత్రం బాగా జాగ్రత్త. స్టేక్ అని ఊరికే రాస్తే అది గొడ్డు మాంసమే. 'తర్‌తార్' అయితే అసలు వండరు, పచ్చి మాంసమే ప్లేట్లోకి వస్తుంది. 'లార్దోఁ' అంటే పంది మాంసం ముక్కలు, సలాడ్లలో, కీష్ లొరేన్ అనే గుడ్డు, క్రీముతో చేసే పైలో అవి ఉంటాయి, పైకి కనిపించవు కూడా. ఉల్లిపాయ సూప్ శాకాహారమే కదా అనుకుంటాం, దాన్ని ఎక్కువగా గొడ్డు ఎముకల రసంతో చేస్తారు. ఉత్తరాన లిల్ వైపు ఫ్రెంచ్ ఫ్రైస్‌ని కూడా గొడ్డు కొవ్వులో వేయించే అలవాటుంది. వెజిటేరియన్ అంటే చేప పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి 'సాఁ వియాఁద్, సాఁ పువసోఁ' అని విడమరిచి చెప్పండి, అంటే మాంసం వద్దు, చేప వద్దు. వేటమాంసం ఇక్కడ 'అఞో', కోడి 'పూలే'. మాంసం బాగా ఉడకాలంటే 'బియాఁ క్యుయీ' అనాలి, వెయిటర్ కాస్త జాలిగా చూస్తాడు, పట్టించుకోకండి.

నీళ్లు అడిగితే సీసా నీళ్లు తెచ్చి బిల్లులో వేస్తారు. 'యూన్ కరాఫ్ దో' అనండి, కుళాయి నీళ్లు కూజాలో ఉచితంగా ఇస్తారు. భోజనంతో పాటు వచ్చే బ్రెడ్‌కి కూడా డబ్బులుండవు, ఇంకాస్త అడిగినా ఏమీ అనుకోరు. ఆవాల ముద్ద మాత్రం కొంచెమే వేసుకోండి, కారం తినే మనకి కూడా ముక్కులోకి ఎక్కుతుంది.

తిన్నాక బిల్లు దానంతట అది రాదు. మొదటిసారి మేం ముప్పావుగంట కూర్చుని మమ్మల్ని పట్టించుకోవట్లేదని తిట్టుకున్నాం, తీరా చూస్తే అడగకుండా బిల్లు తెస్తే లేచి పొమ్మన్నట్టని వాళ్ల లెక్కట! 'లాదిసియోఁ, సిల్ వూ ప్లే' అంటే చాలు. చిటికెలు వేయడం, "గర్సోఁ" అని కేకేయడం వద్దు. ధరలోనే సర్వీస్ కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు తప్పనిసరి కాదు, నచ్చితే ఒకటి రెండు యూరోలు పెట్టి రండి.

పారిస్‌లో ఉంటే మొదటిసారికి 1896 నుంచి నడుస్తున్న బుయోఁ షార్తియే అనే రెస్టారెంట్‌కి వెళ్లమంటాను. ధరలు తక్కువ. రద్దీగా ఉంటే తెలియనివాళ్ల పక్కనే కూర్చోబెడతారు, మన మెస్సుల్లో లాగే. బిల్లు మీ ముందే టేబుల్ మీద పరిచిన కాగితం మీద చేత్తో రాస్తారు, ఫ్రెంచ్ అంకెలు చెవికి ఎక్కకపోయినా కంటికి కనిపిస్తాయి.