వర్జీనియా రోడ్ల పక్కన చరిత్ర ఫలకాలను చదవడం ఎలా

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో రిచ్‌మండ్ నుంచి విలియమ్స్‌బర్గ్‌కు ఇంటర్‌స్టేట్ హైవే మీద పోకుండా, జేమ్స్ నది వెంబడి సాగే 5వ నంబరు రాష్ట్ర రహదారిని పట్టుకుంటే, వెండి రంగు ఫలకాలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. నల్లని ఉబ్బెత్తు అక్షరాలతో, పైన రాష్ట్ర ముద్రతో ఉండే వీటిని వర్జీనియా 1927లో నాటడం ప్రారంభించింది. నేడు వాటి సంఖ్య 2,600 దాటింది. ఒక్కొక్కదానిలో ఉండేది సుమారు నూరు మాటలే అయినా, కారు వేగంలో శీర్షిక తప్ప మరేదీ కంటికి ఆనదు. కాబట్టి సురక్షితంగా ఆపుకొనే చోటు చూసుకుని, దిగి, దగ్గర నిలబడి చదవాలి.

చదవడం కింది నుంచి మొదలుపెట్టండి. అట్టడుగు వరుసలో ఫలకాన్ని పెట్టించిన సంస్థ పేరు, సాధారణంగా సంవత్సరం ఉంటాయి. తొలినాటి వాటి మీద ‘కన్జర్వేషన్ అండ్ డెవలప్‌మెంట్ కమిషన్’ అని, ఇటీవలి వాటి మీద ‘డిపార్ట్‌మెంట్ ఆఫ్ హిస్టారిక్ రిసోర్సెస్’ అని కనిపిస్తుంది. ఇంగ్లీషువారు జేమ్స్‌టౌన్‌లో దిగిన 1607 నాటి సంగతిని 1928లో రాసినవారికి తెలిసినదీ, 2015లో రాసినవారికి తెలిసినదీ ఒకటి కాదు. జేమ్స్‌టౌన్ తొలి కోట నదిలో కలిసిపోయిందని చాలాకాలం నమ్మారు. పురావస్తు శాస్త్రవేత్త విలియం కెల్సో బృందం 1994లో తవ్వకాలు మొదలుపెట్టాక, కోట గోడకు దుంగలు పాతిన చోట మట్టిలో మిగిలిన నల్లని మచ్చల వరుస బయటపడి, దానిలో అధికభాగం నేల మీదే ఉందని తేలింది. మాటల తీరూ కాలాన్ని బట్టే మారింది: 1622లో అక్కడి ఆదివాసులైన పౌహాటన్ ప్రజల దాడిలో 347 మంది వలసదారులు చనిపోయారన్న వార్తను పాత రాతలు తరచు ‘మారణకాండ’ అన్న ఒక్క మాటతో ముగిస్తాయి, అంతకుముందు పదిహేనేళ్లలో ఎవరి పొలాలు ఎవరి చేతికి పోయాయో చెప్పవు.

తరువాత విశేషణాలను ఒక్కొక్కటే తీసి చూడండి. జేమ్స్‌టౌన్ ‘అమెరికాలో మొదటి శాశ్వత ఇంగ్లీషు స్థావరం’. ‘ఇంగ్లీషు’ తీసేస్తే, 1565లో స్పెయిన్‌వారు స్థాపించిన సెయింట్ అగస్టీన్ ముందుకు వస్తుంది. ‘శాశ్వత’ తీసేస్తే, నిలవకుండా పోయిన 1585 నాటి ఇంగ్లీషు స్థావరం రోనోక్ వస్తుంది. ఇక జేమ్స్‌టౌన్ ఉన్నది స్థానిక పాస్పాహె తెగవారి నేల అన్న మాట ఉందో లేదో వెదకండి. నాకైతే ఫలకం విలువ తేలేది అక్కడే.

తేదీలతో జాగ్రత్త అవసరం. మనకు ఉగాదితో సంవత్సరం మారినట్టే, 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. పైన చెప్పిన 1622 పౌహాటన్ దాడి జరిగినది మార్చి 22న కనుక, ఆనాటి కాగితాల్లో అది 1621గానే ఉంటుంది. రెండు చోట్ల రెండు సంవత్సరాలు కనిపిస్తే, ఒకటి తప్పని తీర్మానించే ముందు నెల చూడండి.

ఫలకం ఉన్న చోటే ఊరు ఉండేదని కూడా అనుకోకూడదు. ‘ఇక్కడికి దక్షిణంగా రెండు మైళ్లు’ వంటి మాట తరచు ఉంటుంది. ఆ స్థలం ఎవరి సొంత పొలంలోనో ఉండవచ్చు, అడగకుండా అడుగుపెట్టరాదు.

పేర్లను మాత్రం రాసుకోండి, అవి చాలా దూరం తీసుకుపోతాయి. 1607లో జేమ్స్‌టౌన్‌కు వలసదారుల ఓడలను నడిపించిన క్రిస్టఫర్ న్యూపోర్ట్ తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1617లో జావాలోని బాంటంలో మరణించాడు. జేమ్స్‌టౌన్‌ను నెలకొల్పిన వర్జీనియా కంపెనీ కోశాధికారి సర్ థామస్ స్మైత్ ఈస్టిండియా కంపెనీ తొలి గవర్నరు కూడా. జేమ్స్ నది మీద హెన్రికస్ అనే మరో ఇంగ్లీషు స్థావరం వెలసిన 1611లోనే ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మచిలీపట్నం చేరింది.

కొత్త ఫలకాన్ని ఎవరైనా ప్రతిపాదించవచ్చు. విషయం కనీసం యాభై ఏళ్ల నాటిదై ఉండాలి, ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలి, పాఠాన్ని రాష్ట్ర బోర్డు ఆమోదించాలి. పోత పోయించే ఖర్చు ప్రతిపాదించినవారిదే.