సైడ్ టెంట్ గుంజలు వంగిపోయాయా? ఈసారి గట్టివి ఎంచుకోవడం ఎలా?

కారు వెనక లాక్కెళ్లే క్యాంపింగ్ ట్రైలర్ మా నల్లగొండ వైపు ఇంకా అరుదే. దేవరకొండ రోడ్డు మీద చాయ్ కోసం ఆగితే "ఏం అమ్ముతరు సార్ దీంట్ల?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ట్రైలర్‌తో నాకు పెద్ద ఇబ్బంది ఏమీ రాలేదు. ఇబ్బందంతా దాని పక్కన తగిలించే సైడ్ టెంట్‌తోనే. నిరుడు ఏప్రిల్‌లో డిండి జలాశయం దగ్గర ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. పది నిమిషాల్లో రెండు గుంజలు విల్లులా వంగాయి, మూడోది అతుకు దగ్గర నలిగిపోయింది. గుడ్డకు మాత్రం ఒక్క చిరుగు లేదు.

టెంట్‌తో పాటు వచ్చే గుంజలు చాలావరకు ఇలాగే ఉంటాయి. గుడ్డ మంచిది ఇస్తారు, పైపుల దగ్గర పొదుపు చేస్తారు. మళ్లీ అవే తెప్పించుకుంటే మళ్లీ అదే కథ. కాబట్టి కొత్తవి చూసి తీసుకోవాలి.

ముందు పాతది ఎందుకు పోయిందో చూడండి

విరిగినవాటిని అప్పుడే పారేయకండి. గుంజ నడుమ వంగిందంటే పైపు సన్నమైనా అయి ఉండాలి, దాని పొడవుకు తాళ్ల ఆసరా చాలకపోయినా ఉండాలి. రెండు పైపులు కలిసేచోట నలిగిందంటే లోపలి పైపు బయటి దాంట్లోకి తగినంత దూరలేదు. అక్కడ కనీసం జానెడు లోపల ఉండాలన్నది నేను పెట్టుకున్న లెక్క. వంగకుండా కిందికి జారిపోతే తప్పు రెండు పైపులనూ బిగించి పట్టే లాక్‌ది, పైపుది కాదు. ఈ తేడా తెలియకుండా కొట్టుకు వెళ్తే మోయలేని బరువు పైపులు కొనుక్కొస్తాం, పాత లాకే మళ్లీ జారుతుంది.

కొలతలు

నిలువు గుంజ పూర్తి ఎత్తు, పైన అడ్డంగా వచ్చే దూలం పొడవు, మడిచినప్పుడు ట్రైలర్ పెట్టెలో పట్టే పొడవు రాసుకోండి. గుడ్డకున్న ఐలెట్ (అంచున లోహపు రింగు బిగించిన) రంధ్రం ఎంతుందో కూడా కొలవండి. గుంజ కొసన ఉండే పిన్ను అందులో దూరాలి కదా.

పైపు లావు కొలవడానికి వెర్నియర్ లేకపోతే దారం చాలు. పైపు చుట్టూ ఒక్క చుట్టు చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. చుట్టు 60 మిల్లీమీటర్లు వస్తే పైపు సుమారు 19 మిల్లీమీటర్లది. వెల్డింగ్ షాపుల భాషలో ఆరు సూత్‌లు (సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు).

లోహం కంటే ముందు లావు

అల్యూమినియమా, ఇనుమా అన్న ప్రశ్నతోనే అందరూ మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ గుంజ వంగకుండా నిలబడటంలో లోహం కంటే పైపు లావు ఎక్కువ పని చేస్తుంది. రేకు (పైపు గోడ) మందం మార్చకుండా 19 మిల్లీమీటర్ల పైపు బదులు 25 వాడితే, వంగకుండా ఆపే బిర్రు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. బరువు పెరిగేది మాత్రం మూడో వంతే.

ఇనుముతో పోలిస్తే అల్యూమినియం మూడు రెట్లు మెతక. బరువు కూడా మూడో వంతే. అందుకే అదే సైజు అల్యూమినియం పైపు తెస్తే మోసపోతాం. లావు పెంచాలి. 25 మిల్లీమీటర్ల లావు, 1.2 మిల్లీమీటర్ల రేకు ఉన్న ఇనుప పైపు మీటరుకు 700 గ్రాములు తూగుతుంది. దాదాపు అంతే బిర్రు అల్యూమినియంలో కావాలంటే 32 మిల్లీమీటర్ల లావు, ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు తీసుకోవాలి. అది మీటరుకు 390 గ్రాములే.

అల్యూమినియంలో 6063, 6061 అని రకాలు ఉంటాయి. కిటికీలకు వాడేది ఎక్కువగా 6063. బిర్రులో రెంటికీ తేడా లేనట్టే. ఒకసారి బాగా వంగాక మళ్లీ తిన్నగా వస్తుందా, వంకరగానే ఉండిపోతుందా అన్నదాంట్లో 6061 మెరుగు. దొరికితే అదే తీసుకోండి, దొరక్కపోతే దానికోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. కర్టెన్ రాడ్లు మాత్రం వద్దు. రేకు మరీ పల్చన.

నా ఎంపిక చెప్పాలంటే నిలువు గుంజలకు ఇనుము, పైన దూలాలకు అల్యూమినియం. భుజాన మోసుకుని కొండెక్కేవాళ్లకు ప్రతి గ్రామూ బరువే గానీ, ట్రైలర్‌లో వేసుకెళ్లే మనకు నాలుగైదు కిలోలతో ఏమీ కాదు. చేతులు నొప్పి పుట్టేది తల మీదికి దూలం ఎత్తి పట్టుకున్నప్పుడే. బరువు తగ్గించుకోవాల్సింది అక్కడ.

డోమ్ టెంట్లకు వాడే ఫైబర్ కడ్డీలు వంగడానికే పుట్టాయి. నిలువు గుంజకు పనికిరావు. వెదురు బొంగు తాత్కాలికంగా బాగానే నిలుస్తుంది గానీ మన ఎండలకు నెర్రెలిస్తుంది. కావాలంటే బొంగుల అడితీలో కొనుక్కోండి. అమ్రాబాద్ అడవిలో నరికే ఆలోచన పెట్టుకోకండి, అది టైగర్ రిజర్వ్.

కొట్టు దగ్గర

"ముప్పావు ఇంచు జీఐ పైపు ఇయ్యన్నా" అంటే నీళ్ల పైపు చేతిలో పెడతారు. నీళ్ల పైపుల సైజు లోపలి బోరును బట్టి పిలుస్తారు. ముప్పావు ఇంచు పైపు బయటి కొలత దాదాపు 27 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో పల్చని రకం కూడా మీటరుకు 1.4 కిలోలు తూగుతుంది. మనకు కావాల్సింది ఫర్నిచర్‌కు వాడే గుండ్రటి పైపు. బయటి కొలత, గేజి రెండూ చెప్పి అడగండి. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 అంటే 1.6. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది, మర్చిపోకండి.

ఒకదాంట్లో ఒకటి దూరే గుంజకు 18 గేజి రేకైతే బయట 25, లోపల 22 మిల్లీమీటర్ల పైపులు సరిపోతాయి. అయితే అక్కడే దూర్చి చూడండి. పైపు లోపల పొడుగునా వెల్డింగ్ గీత ఉంటుంది, అది లేచి ఉంటే లోపలి పైపు సగంలో బిగుసుకుంటుంది. నేను చూడకుండా తెచ్చి ఒక ఆదివారం మొత్తం ఆకురాయితో గీకుతూ కూర్చున్నాను.

జీఐ పైపుకు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపుకు, వెల్డింగ్ చేయిస్తే ఆ చోట జింకు పూత కాలిపోయి తుప్పు మొదలవుతుంది. జింకు పెయింట్ వేయించండి. ఆ పొగ పీల్చడం మంచిది కాదు, దూరంగా నిలబడండి. అల్యూమినియాన్ని మామూలు వెల్డింగ్ షాపులో అతకరు, ఆర్గాన్ వెల్డింగ్ ఉన్నచోటికి పోవాలి.

లాక్, పాదం

తిప్పితే బిగిసే ప్లాస్టిక్ లాక్‌లు కొత్తలో బాగుంటాయి. చెలకల ఎర్రదుమ్ము లోపలికి పోయాక జారడం మొదలుపెడతాయి. స్ప్రింగు గుండీ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొచ్చే రకం నాకు నమ్మకం. ఎత్తు ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి కుదరదు, కానీ జారదు. రంధ్రాలు మరీ దగ్గర దగ్గరగా వేయించకండి, పైపు అక్కడే బలహీనపడుతుంది.

పాదానికి మెడికల్ షాపులో చంక కర్రలకు అమ్మే రబ్బరు బుష్ పట్టుకొస్తే సరి. నల్లరేగడిలో గుంజ దిగబడకుండా కింద చెక్క ముక్క పెట్టండి.

ఇంటి దగ్గర పరీక్ష

దూలాన్ని రెండు కొసలా ఆనించి, నడుమ పది లీటర్ల నీళ్ల బకెట్ వేలాడదీయండి. కాస్త వంగితే ఫరవాలేదు, బకెట్ తీశాక తిన్నగా రావాలి. నా పాత దూలం రాలేదు. ఈ పరీక్ష ఎందుకంటే, చదరపు మీటరు గుడ్డ మీద ఒక్క సెంటీమీటరు లోతున వాన నీళ్లు నిలిచినా పది కిలోలు. గుడ్డకు వాలు ఇవ్వకపోతే ఏ పైపూ ఆపలేదు.

గాలిదీ అంతే. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఐదు చదరపు మీటర్ల గోడ మీద సుమారు 40 కిలోల తోపు తోస్తుంది. 60 అయితే అది 90 దగ్గరికి పోతుంది. ఆ తోపును పట్టాల్సింది తాళ్లు. ప్రతి మూల గుంజకూ రెండు దిక్కుల తాళ్లు కట్టండి. మన దగ్గర పరుపుబండ మీద గూటాలు దిగవు, ఇసుక సంచులకో పెద్ద రాళ్లకో కట్టుకోవాలి. తాడు మరీ లాగి బిగిస్తే ఆ బరువంతా గుంజ నెత్తిన పడుతుంది.

ఒక్క జాగ్రత్త. ఇనుప గుంజ ఎత్తేముందు పైకి చూడండి. మన పొలాల్లో బోరుబావులకు పోయే కరెంటు తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. ఉరుములు మొదలైతే టెంట్ వదిలి కారులో కూర్చోండి, గుంజలు ఏమైనా కానీ.

కొత్త సెట్ అయ్యాక ముందువైపు గుంజలకు ఎర్ర టేపు, దూలాలకు పసుపు టేపు చుట్టాను. చీకట్లో ఏది ఎక్కడిదో వెతుక్కునే బాధ తప్పింది. పాతవాటి పిన్నులు, స్ప్రింగు గుండీలు విప్పి డబ్బాలో వేసుకున్నాను, మిగతా ముక్కలు పెరట్లో చిక్కుడు పందిరికి పోయాయి.