నాబ్ తిప్పినా బ్రేక్ బయాస్ మారట్లేదా? పెడల్ తొక్కించి చూడండి

ఇంజనీరింగ్ విద్యార్థులు తాము కట్టిన రేస్ కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ దగ్గరపడిందంటే జూనియర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బయాస్ నాబ్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పాం. అయినా వెనక చక్రాలే మొదట లాక్ అవుతున్నాయి." బయాస్ అంటే బ్రేకు బలంలో ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అన్న పంపకం. దాన్ని మార్చేదే నాబ్. లాక్ అంటే చక్రం తిరగడం ఆగి జారడం. నేను అడిగేది ఒకటే. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, గట్టిగా తొక్కించి, పెడల్ దగ్గర టార్చ్ వేసి చూశారా? అటువైపు నుంచి మాట ఉండదు.

బ్లీడింగ్ (బ్రేక్ గొట్టాల్లోంచి గాలి తీయడం) అయిపోయింది, ప్యాడ్లు బెడ్ అయ్యాయి (డిస్క్‌కి రాసుకుని కుదురుకున్నాయి), టైర్లలో గాలి సరిగ్గా ఉంది అనుకునే ఇది రాస్తున్నాను. అవి కాకపోతే బయాస్ జోలికి రాకండి.

ముందు చక్రాలు మరీ తొందరగా లాక్ అవుతున్నాయి
స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగానే పోతుంది. బయాస్ ముందుకు ఎక్కువైంది. నాబ్ అర చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. వెనకవి మొదట లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది, అప్పుడు ముందుకు తిప్పాలి. నాబ్ ఎటు తిప్పితే ఎటు పోతుందో టేప్ మీద రాసి అంటించండి. హెల్మెట్ పెట్టుకున్నాక ఎవరికీ గుర్తుండదు.

పొడి ట్రాక్ మీద బాగుంది, తడిలో ముందు చక్రాలు జారుతున్నాయి
ఇది లోపం కాదు, లెక్క. డ్రైవర్‌తో కలిపి 300 కిలోల కారు, వీల్‌బేస్ 1.55 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.3 మీటర్లు అనుకోండి. 1.5 జీ (గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు) తో ఆపితే దాదాపు 87 కిలోలు ముందుకు వాలతాయి. తడిలో 0.8 జీ కే పట్టు అయిపోతుంది కాబట్టి వాలేది 46 కిలోలే. ముందు చక్రాల మీద బరువు తగ్గింది, బయాస్ కూడా వెనక్కి రావాలి. అంతే.

నాబ్ చివరిదాకా పోయినా చాలట్లేదు
మాస్టర్ సిలిండర్ (పెడల్ బలాన్ని బ్రేక్ ద్రవంలో ప్రెషర్‌గా మార్చేది) సైజు తప్పు. 15.9 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్నది తీసి 19 మి.మీ. పెడితే అదే బలానికి ప్రెషర్ దాదాపు 30 శాతం పడిపోతుంది. నాబ్ ఉన్నది చిన్న తేడాలు సర్దడానికే.

పొద్దున బాగుంది, మధ్యాహ్నానికి మారిపోయింది. నాబ్ తిప్పినా తేడా లేదు
నన్ను ముంచింది ఇదే.

పెడల్ బలాన్ని ముందు, వెనక సిలిండర్లకి పంచే బ్యాలెన్స్ బార్ అంటే కావడి బద్ద అనుకోండి. భుజానికి దగ్గరగా ఉన్న వైపే ఎక్కువ బరువు పడుతుంది. ఇక్కడ భుజం అంటే పెడల్‌కున్న గొట్టంలోని గుండ్రటి బేరింగ్. నాబ్ తిప్పితే అది ఒక కొసకి దగ్గరవుతుంది. రెండు కొసల్లో క్లెవిస్‌లు (U ఆకారపు కొక్కేలు), వాటి నుంచి పుష్‌రాడ్లు (నెట్టే కడ్డీలు) ఒకటి ముందు సిలిండర్‌కి, ఇంకొకటి వెనక సిలిండర్‌కి. కావడి అటూ ఇటూ స్వేచ్ఛగా వాలగలిగితేనే ఈ లెక్క నడుస్తుంది.

మూడో ఏడాదిలో మా కారుకి మూలమట్టం పెట్టి మరీ బార్‌ని తిన్నగా అమర్చాం, పెడల్ వదిలి ఉన్నప్పుడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కాలేజీ పార్కింగ్‌లో పొద్దున పది సార్లు ఆపాం, పదిసార్లూ తిన్నగా ఆగింది. భోజనాలయ్యాక మొదటి బ్రేక్‌కే కారు తిరిగిపోయి ఇసుక కుప్పలో కూర్చుంది. వెనక ప్యాడ్లు మార్చాం, సీల్ కిట్ మార్చాం, రెండు రోజులు పోయాయి. చివరికి విసుగొచ్చి ఒకడిని తొక్కమని నేను లోపలికి చూశాను. బార్ ఓ పక్కకి వాలిపోయి ఉంది. ముందు వైపు క్లెవిస్ గొట్టం అంచుకి రాసుకుని, అక్కడ గోరంత మేర అల్యూమినియం తళతళలాడుతోంది.

జరిగిందేమిటంటే, వేడికి ముందు సర్క్యూట్ (ముందు బ్రేకుల ద్రవం, గొట్టాల వరస) కాస్త మెత్తబడింది, దాని పుష్‌రాడ్ ఎక్కువ దూరం పోవాల్సి వచ్చింది. బార్ వాలుతూ వాలుతూ క్లెవిస్ గొట్టానికి తగిలి బిగుసుకుంది. బిగుసుకున్న కావడి ఉత్త కర్ర. ఆపైన తొక్కిన బలమంతా గట్టిగా ఉన్న వెనక సర్క్యూట్‌కే పోయింది. ఇక నాబ్ ఎటు తిప్పితే ఏం లాభం?

బార్ తిన్నగా ఉండాల్సింది గట్టిగా తొక్కినప్పుడు. వదిలినప్పుడు వంకరగా ఉన్నా పర్వాలేదు. పుష్‌రాడ్ పొడవులు ఆ ప్రకారం సర్దండి. గొట్టానికీ క్లెవిస్‌లకీ మధ్య రెండు వైపులా కలిపి 5–6 మి.మీ. ఖాళీ ఉంచండి. ఆ వదులు చూసి కంగారుపడి బిగించేవాళ్లే ఎక్కువ. పుష్‌రాడ్ మరీ పొడవు చేస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకులు పట్టేసుకుని వేడెక్కుతాయి, అదీ చూసుకోండి. నాబ్‌ని రెండు చివరలకీ తిప్పి మళ్లీ తొక్కించండి. వేళ్లు మాత్రం లోపల పెట్టకండి.

తర్వాత ముందొకటి, వెనకొకటి కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కేది) బ్లీడర్ (గాలి తీసే మర) స్థానంలో ప్రెషర్ గేజ్‌లు బిగించండి. ముందు 20 బార్ (ఇది ప్రెషర్ కొలమానం) ఉన్నప్పుడు వెనక 12.5 ఉంటే, ముందు 40 కి వెనక 25 రావాలి. 32 వచ్చిందా, ఎక్కడో ఇంకా రాసుకుంటోంది. ఆఖరున ఒక సర్క్యూట్ బ్లీడర్ వదులు చేసి తొక్కండి. పెడల్ అడుక్కి తగలకముందే రెండో గేజ్ లేవాలి.

నాబ్ కేబుల్ తెగడం, డిస్క్ వంకర పోవడం, పిస్టన్ పట్టేయడం లాంటివి అరుదు, పైగా చూడగానే తెలిసిపోతాయి. టీవీలో ఎఫ్1 డ్రైవర్ మలుపు మలుపుకీ బయాస్ మార్చడం చూసి మనకీ అలా కావాలనకండి. వాళ్లకి 2014 నుంచి వెనక బ్రేకులు బ్రేక్-బై-వైర్, అంటే వాటి ప్రెషర్ సర్దేది కంప్యూటరే.

ఇంత చేశాక కూడా కారు తిరుగుతుంటే ఫోన్ చేయండి, గేజ్ రీడింగులు రాసిన కాగితం చేతిలో పెట్టుకుని.