థెరపిస్టు వచ్చేసరికి ఆయా కూడా పక్కనే ఉండాలి

పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకి ఇంట్లో ఆయాని పెట్టి, ఆక్యుపేషనల్ థెరపిస్టుని (బట్టలు వేసుకోవడం, తినడంలాంటి రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పేవారిని) కూడా పిలిపిస్తుంటే, ఇద్దరూ ఒకే టైములో, అదీ పొద్దున తయారయ్యే వేళకి ఉండేలా చూసుకోండి. మా అమ్మ విషయంలో ఇది మాకు ఆలస్యంగా అర్థమైంది. థెరపిస్టు సాయంత్రం వచ్చి చేతితో పనులు చేయించి వెళ్లేవారు, మర్నాడు పొద్దున ఆయా ప్రేమకొద్దీ బట్టలు తొడగడం దగ్గర్నుంచి అన్నం కలిపి నోట్లో పెట్టేదాకా అన్నీ తనే చేసేసేది, ఇక అమ్మ నేర్చుకున్నది వాడేదెప్పుడు?

టైం మార్చాక థెరపిస్టు నేరుగా ఆయాకే చూపించారు. తొడిగేటప్పుడు బలం తగ్గిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చెయ్యి ఆఖరున. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదు. స్పూన్ పట్టు చిక్కకపోతే కాడకి గుడ్డ లావుగా చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి.

అన్నిటికన్నా కష్టం, ఆగడం. నైటీ గుండీ ఒక్కటి పెట్టుకోవడానికి అమ్మకి 5 నిమిషాలు పట్టినా సరే, ఆయా పక్కనే నిలబడి చూడాలి తప్ప చెయ్యి వేయకూడదు, మనం కూడా టిఫిన్ చల్లారిపోతోందని తొందరపెట్టకూడదు.

అమ్మని అడిగి ఆ పద్ధతులు ఫోన్‌లో చిన్న వీడియోలు తీసి పెట్టుకున్నాం, ఆయా సెలవు పెట్టినప్పుడు వచ్చే అమ్మాయికి అవే చూపిస్తున్నాం.