చెరువు వంతులకు చీటీలు తీసే ముందు పేర్ల లిస్టు సరిచేయండి

చెరువు చిన్నదై మత్స్యకారుల సంఘంలో సభ్యులు ఎక్కువైతే, అందరూ ఒకేసారి వలలు వేసి ఎవరికీ ఏమీ మిగలకుండా చేసుకునే బదులు చీటీలు వేసి వారానికి ఒకరికి చేపలు పట్టే వంతు ఇవ్వడం మంచి పద్ధతే. కానీ "చీటీ తీశాం కదా, ఇంకెక్కడి అన్యాయం" అనే మాటను నేను ఒప్పుకోను. చీటీ తీసే ఆ పది నిమిషాలు అందరి కళ్లూ చీటీలు వేసిన బిందె మీదే ఉంటాయి, అప్పుడు మోసం చేయడం కష్టం. అన్యాయం జరిగేది అంతకు ముందు పేర్లు రాసేటప్పుడు, ఆ తర్వాత వంతు చేతికొచ్చాక. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవుల్లో వేట నేరం, మన ఊళ్లలో అందరికీ ఉమ్మడిగా మిగిలిన వేట చెరువులో చేపే. అందుకే దీని గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

లెక్క తేలికగా ఉండాలని ఒక చెరువు అనుకుందాం. 60 మంది సభ్యులు, మార్చి నడుమ నుంచి మృగశిర కార్తె దాకా 12 వారాలు, అంటే 12 వంతులు. ఒక మనిషికి ఒక చీటీ అయితే ఎవరికైనా వంతు వచ్చే అవకాశం 100కి 20. ఇప్పుడు ఒకాయన తన పేరుతో పాటు మంచం దిగలేని తండ్రి పేరు, ఎప్పుడూ నీళ్లలో దిగని భార్య పేరు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే తమ్ముడి పేరు కూడా లిస్టులో ఉంచాడనుకోండి. నాలుగు పేర్లలో ఒక్కటైనా తగిలే అవకాశం 100కి 60 దాకా పోతుంది. వాళ్లంతా సభ్యులే, రూల్ ప్రకారం తప్పేం లేదంటాడు. నిజమే, రూల్ తప్పలేదు. కానీ పక్కింట్లో ఒంటరిగా ఉండి వల మీదే బతికే మనిషి 20 దగ్గరే ఉండిపోయాడు కదా. భార్య పేరు అని ఉదాహరణకి చెప్పాను గానీ, చేపలు పట్టే, అమ్మే ఆడవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ల చీటీ వాళ్లకు పూర్తి హక్కుగా ఉండాలి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పేరుకు వంతు వస్తే ఆ వారం పని ఎవరు చేస్తారు? జవాబు ఆ పేరు గల మనిషే అయితే చీటీ వేయండి. వేరే వాళ్లయితే మీ ఇంటి లిస్టు లోంచి మీరే తీసేయండి, ఎవరూ అడగక ముందే.

సంఘం చేయాల్సింది కూడా ఉంది. చీటీలకు వారం ముందే లిస్టు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి, అభ్యంతరాలు సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ తేల్చాలి. అధ్యక్షుడి ఇంట్లో కూర్చుని తేలిస్తే ఎంత న్యాయంగా తేల్చినా ఎవరూ నమ్మరు.

ఇక వంతు రాని వాళ్ల సంగతి. ప్రతి ఏడూ అందరి పేర్లూ మళ్లీ కొత్తగా వేసి తీస్తే, పైన చెప్పిన చెరువులో ఐదేళ్లు గడిచినా దాదాపు 20 మందికి ఒక్కసారి కూడా వంతు రాదు, ఇంకొందరికి రెండు మూడు సార్లు వస్తుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు, చీటీల గుణమే అంత. అమెరికాలో ఎల్క్ (పెద్ద జింక జాతి), జింకల వేటకు పర్మిట్లు లాటరీలో ఇస్తారు, అక్కడా ఇదే తలనొప్పి. కొలరాడోలో రాని వాళ్లకు ఏడాదికో పాయింటు కలుపుతారు, ఎక్కువ పాయింట్లున్న వాళ్లకు ముందు ఇస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, డిమాండ్ ఉన్న కొన్ని చోట్ల 20కి పైగా పాయింట్లు పోగైతే తప్ప పర్మిట్ దొరకని పరిస్థితి వచ్చింది, కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడు అక్కడ ఆశ వదులుకోవాల్సిందే. న్యూ మెక్సికోలో అసలు పాయింట్లే లేవు, ప్రతి ఏడూ లెక్క కొత్తగా మొదలవుతుంది, కాకపోతే ఏళ్ల తరబడి రాని వాడికి ఓదార్పు లేదు. మనకు వాళ్లకంటే ఒక సౌకర్యం ఉంది, మన సంఘంలో ఎవరు ఎవరో అందరికీ తెలుసు. కాబట్టి నా సలహా, వంతు వచ్చిన వాళ్లు అందరికీ ఒక్కోసారి వచ్చేదాకా ఆగాలి. 12 చొప్పున ఐదేళ్లలో 60 మందీ అయిపోతారు, చీటీ తేల్చేది ఎవరు ముందు ఎవరు వెనుక అన్నది మాత్రమే. మధ్యలో చేరిన వాళ్లను ఆ ఏటి నుంచే మిగతా పేర్లతో కలపండి. అన్నదమ్ములు కలిసి వేటకు పోతామంటే ఇద్దరికీ కలిపి ఒకే చీటీ, వచ్చాక ఇద్దరూ ఆగాలి.

అన్ని వారాలూ ఒకటి కాదు, ఇది మరచిపోతే గొడవ ఖాయం. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆ రోజు చేప తినని ఇల్లు మన వైపు తక్కువ, రేటు అమాంతం లేస్తుంది. ఆ చివరి వారం వంతును మిగతా వాటితో కలపకుండా, దాని డబ్బు సంఘం మొత్తానికి పంచడం మేలు (అప్పుడు చీటీకి వంతులు 11 అవుతాయి, అందరికీ రావడానికి ఆరో ఏడు కూడా పడుతుంది). అలా ఒప్పుకోకపోతే కనీసం దానికి విడిగా చీటీ తీయండి. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) దుంకేటప్పుడు దాని కింద వల పెట్టే చోటు కూడా అంతే, ఒక్కరికి రాసివ్వకూడదు.

చీటీ తీసే రోజు పనులు చిన్నవే. ఒకే కాగితం, ఒకే పెన్ను, ఒకే మడత. బిందె బోర్లించి ఖాళీగా ఉందని చూపించాలి. సభ్యుల ఇళ్లకు చెందని చిన్నపిల్లతో తీయించాలి. చాలామంది చేయని పని ఒకటుంది: వంతులకు సరిపడా తీసిన తర్వాత బిందెలో మిగిలిన చీటీలు కూడా అందరి ముందు విప్పి చదవాలి. ఒకరి పేరు అసలు వేయలేదా, ఇంకొకరిది రెండుసార్లు పడిందా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఆ మిగిలినవి విప్పిన వరుసే వెయిటింగ్ లిస్టుగా రాసుకోండి.

వంతు వచ్చిందా, అసలు పరీక్ష ఇప్పుడు. కాంట్రాక్టర్ సాయంత్రానికే వచ్చి "అన్నా, నీ వారం నాకియ్యి, పైసలు ఇప్పుడే ఇస్తా" అంటాడు. ఇవ్వకండి. ఆ వంతు మీకు వచ్చింది మీరు వేటకు పోతారని, అమ్ముకోవడానికి కాదు. ఒంట్లో బాగాలేకో, ఇంట్లో పెళ్లి పడో పోలేకపోతే సంఘానికి చెప్పి వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకు వదిలేయండి, సంఘం కూడా అలా వదిలిన వాళ్లను వంతు వాడుకున్నట్టు లెక్కపెట్టకూడదు.

వల కన్ను, అంటే వలలో రంధ్రం సైజు గురించి మాత్రం కాస్త ఓపికగా చదవండి. బొచ్చె, రవ్వ, మృగాల అనే చేపలు చెరువు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీళ్లు కావాలి. అంటే చెరువులో ఉన్నవి మనం వదిలిన పిల్లలే, 2016 నుంచి తెలంగాణ సర్కారు ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలూ అందులో భాగమే. మళ్లీ పుట్టవు. మొదటి వారం వంతు వచ్చిన మనిషి సన్న కన్ను వల వేసి పావు కిలో లేని పిల్లలను ఊడ్చుకుపోతే, అవి వెనుక 11 మందివి. చీటీ ఎంత నిజాయితీగా తీసినా అక్కడితో అది అబద్ధమైపోతుంది. వల కన్ను ఎంత ఉండాలో చీటీలకు ముందే తీర్మానం రాసి, వంతు మొదలయ్యే రోజు ఇద్దరు సభ్యులు వల చూడాలి.

కొర్రమీను అలా కాదు, అది చెరువులోనే పెరిగి చెరువులోనే గుడ్లు పెడుతుంది. ఎర్రగా గుంపుగా పిల్లలు పైకి తేలుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆ గుంపును చూసి పెద్ద చేపను కొట్టడం చాలా సులభం. కొడితే ఆ పిల్లలన్నిటినీ మిగతా చేపలు తినేస్తాయి. మీ వంతు వారంలో మీ కళ్లెదుటే కనపడినా దాన్ని వదిలేయండి, పక్కన ఎవరూ చూడకపోయినా సరే. తొలి వానలకు ఎదురెక్కే చేపలు కూడా చాలావరకు గుడ్లతో ఉంటాయి, అందుకే మృగశిర దాటాక కాలువ నోట్లో వల అడ్డం పెట్టకూడదని కూడా అదే తీర్మానంలో రాయించండి.